పత్తికొండ దారిలో రెండు గేర్‌బాక్సులు

నాకు బండ్ల పిచ్చి ఉందని మా ఇంటాయనకు పెళ్లయిన కొత్తలోనే తెలిసిపోయింది. కోయిలకుంట్లలో మాది బోరు మోటర్లు, పైపులు అమ్మే అంగడి. కౌంటరు దగ్గర కూర్చుని, రోడ్డు మీద పోయే బండిని తలెత్తి చూడకుండానే, శబ్దాన్ని బట్టి అది ఏ గేరులో పోతోందో చెప్పేదాన్ని. ఆయన నవ్వేవాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆయనకు ఎడమ కాలు సన్నబడింది. నడుస్తాడు, మెట్లెక్కుతాడు, పొలాల గట్ల మీద తిరుగుతాడు. కానీ ఆ కాలితో క్లచ్చు తొక్కలేడు. అందుకని అంగడి సరుకుల బండి నేను నేర్చుకున్నాను. శెట్టిగారి కోడలు పైపుల లోడు వేసుకుని సంజామల దారిలో పోతుంటే జనం ఆగి చూసేవాళ్లు. కొన్నాళ్లకు చూడటం మానేశారు.

అన్ని బండ్లలోకీ నా మనసు పడ్డది ఎస్టేట్ కారు మీద. ముందునుంచి చూస్తే మామూలు కారే. వెనక మాత్రం డిక్కీ ఉండాల్సిన చోట కప్పు చివరిదాకా సాగి ఒక చిన్న గదిలా ఉంటుంది. వెనక సీటు మడిచేస్తే మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. వాటిలో కొన్నింటికి కంపెనీలు మంచి బలమైన ఇంజన్లు పెడతాయి. పైకి సంసారపక్షంగా కనబడుతూ, యాక్సిలరేటరు తొక్కితే రేసు బండిలా దూసుకుపోతాయి. సామాను మోసే బండీ, పరుగు తీసే బండీ ఒకటే అయితే నాలాంటిదానికి ఇంకేం కావాలి? మన దేశంలో ఎందుకో జనానికి ఇవి నచ్చలేదు. కంపెనీలు కొన్ని అమ్మి చూసి మానుకున్నాయి. రోడ్డు మీద ఎక్కడో ఒకటి కనిపిస్తే ఆ రోజంతా నాకు పండగ.

అలాంటి బండ్లు రెండు మా బంధువుల్లోనే ఉన్నాయి. కర్నూలులో రోడ్డు కాంట్రాక్టులు చేసే మా తమ్ముడిది బూడిద రంగుది. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, నాలుగు చక్రాలకూ బలం అందుతుంది. బద్వేలులో బట్టల అంగడి ఉన్న మా మరిదిది ఎర్రది. ఆరు గేర్ల మాన్యువల్, కాస్త పాతది, కాస్త తేలిక. ఇద్దరూ బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండులో తెచ్చుకున్నారు. తెచ్చుకున్న రోజునుంచీ ఫోన్లో ఒకటే వాదన.

"గేర్లు మనం మార్చకపోతే ఇంగ నడిపేది మనమెట్లయితాం బావా, అది నడుస్తాంటే మనం ఊరికే కూసున్నట్లు," అనేవాడు మరిది.

"నువ్వు క్లచ్చు తొక్కి గేరేసే లోపల నేను నంద్యాల దాటుంటాలే," అనేవాడు తమ్ముడు.

మధ్యలో నేను. నాకు చేతిలో గేరు రాడ్డు లేకపోతే నడిపినట్టే ఉండదు, అందుకని మరిది వైపే మొగ్గేదాన్ని. తమ్ముడికి అదో బాధ. సొంత అక్క శత్రువుల్లో చేరిందని మా అమ్మతో చెప్పుకున్నాడు.

పోయిన ఎండాకాలం ఇద్దరూ ఒకేసారి బండ్లు మార్చే ఆలోచనలో పడ్డారు. తమ్ముడికి ఇంకా కొత్తది కావాలి. మరిది ఇంట్లో మనుషులు పెరిగారు, ఎత్తుగా ఉండే పెద్ద బండి కావాలి. రెండింటిలో ఒకటి మనం తీసుకుందామని నేను ఆయన్ను అడిగాను. అడిగేటప్పుడు నా గొంతు చిన్నపిల్ల గొంతులా ఉందని తర్వాత ఆయనే చెప్పాడు.

"తీసుకుందాం. ఏది తీసుకోవాల్నో నువ్వే తేల్చు," అన్నాడు. "రెండిట్లోనూ ఒకే మాదిరి బరువేసి, ఒకే దోవలో నడిపి చూడు. అంగట్లో మోటరు తిప్పి చూపీకుండా ఎవురికన్నా ఇస్తామా?"

అలా ఒక ఆదివారం పొద్దున ఇద్దరూ బండ్లేసుకుని మా అంగడి ముందుకు వచ్చారు. ముందు రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎర్రదీ బూడిదదీ పక్కపక్కన నిలబడి ఉంటే, ఎదురుగా ఉన్న టీ అంగడిలోని జనమంతా గ్లాసులు పట్టుకుని ఇటు వచ్చేశారు. ఇద్దరూ మూతలు ఎత్తి ఇంజన్లు చూపిస్తున్నారు. బనగానపల్లె దాకా పోయి రావాలని అనుకున్నాం. నేను చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఎర్రదాంట్లో కూర్చోబోతుండగా ఆయన ఫోను మోగింది.

పత్తికొండ దగ్గర కోళ్ల ఫారం నడిపే ఆమె. మా పాత ఖాతాదారు. ఆయన్ను అన్నా అని పిలుస్తుంది. ఆయన స్పీకరు పెట్టాడు.

"అన్నా, మోటరు కాలిపోయినాది. తెల్లార్నుంచి నీళ్లు లేవు. ఎండ ముదురుతాండాది. కోళ్లన్నీ నోర్లు తెరుసుకోని కూసుండాయన్నా."

"ట్యాంకరు తెప్పిచ్చినారా?"

"తెప్పిచ్చినాం. తాగేదానికే సాలదు. పైన నీళ్లు చిమ్మే ఫాగర్లు ఆగిపోయినాయి. ఈడ అంగళ్లల్లో మా బోరు లోతుకు లాగే మోటరు లేదంటాండారు. డోన్‌లో అడిగితే రేపు రమ్మంటాండారు. రేపటికి ఏముంటాదన్నా ఈడ?"

వాళ్ల బోరు లోతు ఆయనకు నోటికి వచ్చు. సరిపోయే మోటరు మా అంగట్లో ఉంది. కానీ సరుకుల బండిని ఆ పొద్దున్నే అంగడి కుర్రాడు పైపులతో జమ్మలమడుగు తీసుకుపోయాడు. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆయన ఒక్క నిమిషం మోటరు వైపు చూశాడు, తర్వాత బయట నిలబడ్డ రెండు బండ్ల వైపు చూశాడు.

"పాత మోటరు పైకి లాగి పెట్టుకోండి. మేం వస్తాండాం," అని ఆమెతో చెప్పి ఫోను పెట్టేశాడు. "ఇంగ మీ పరీక్షేదో పత్తికొండ దోవలోనే పెట్టుకోండి."

బోరు మోటరు, దాని మీద పంపు బిగిస్తే మనిషంత పొడుగుంటుంది. ఎర్ర బండి వెనక సీటు మడిచి, అడుగున గోనెపట్టాలు పరిచి, తమ్ముడూ మరిదీ చెరో కొసా పట్టుకుని లోపలికి తోశారు. ముందు సీట్ల మధ్యదాకా వచ్చి ఆగింది. వెనక తలుపు ఠక్కున పడింది. తాడు కట్టే పని కూడా లేకుండా అంత పొడుగు వస్తువు కారులో ఇమిడిపోవడం చూసి టీ అంగడి ఆయన నోరు తెరిచాడు. కేబులు చుట్టలు, స్టార్టరు పెట్టె, పనిముట్లు బూడిద బండిలో వేశాం. నేను ఎర్రదాంట్లో స్టీరింగ్ ముందు, పక్కన మరిది. తమ్ముడు బూడిదదాంట్లో, ఆయన వాడి పక్కన.

ఆ ఎర్ర బండి క్లచ్చు గట్టిది. మొదటి గేరు నుంచి రెండో గేరుకు రాడ్డు ఖణేల్‌మని పడుతుంది, అరచేతికి తెలుస్తుంది. ఊరు దాటాక మూడో గేరులో కాలు నొక్కాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఇంజనులోకి గాలి నెట్టే టర్బో అందుకుని బండి మమ్మల్ని సీట్లకు అదిమేసింది. నాకు నవ్వొచ్చింది. అవతల కోళ్లు చస్తుంటే నవ్వేమిటని మూతి బిగించుకున్నాను. కానీ లోపల నవ్వు ఆగలేదు.

"వదినా, యనక మోటరుండాది," అన్నాడు మరిది.

"తెలుసప్పా. అందుకే మెల్లగా పోతాండా."

బనగానపల్లెలో సందు సందుకూ ఆటోలు, మామిడికాయల బండ్లు. క్లచ్చు తొక్కు, వదులు, తొక్కు, వదులు. బజారు దాటేసరికి నా ఎడమ పిక్క గట్టిపడింది. దాటాక దారి తెరుచుకుంది. రెండు వైపులా నల్లరేగడి పోయి రాళ్ల గుట్టలు మొదలయ్యాయి. బండపలకల లోడు లారీ ఒకటి ముందు పోతోంది. దాన్ని దాటాలంటే ముందే మూడో గేరులోకి దించి పెట్టుకోవాలి. ఎదురుగా దారి ఖాళీగా కనబడగానే బండి సిద్ధంగా ఉంది, నేనూ సిద్ధంగా ఉన్నాను. తొక్కాను, దాటేశాం. ఆ గేరు నేను వేసింది, ఆ క్షణం నేను ఎంచుకున్నది. మాన్యువల్ అంటే నాకు ఎందుకంత ఇష్టమో ఆ పలకల లారీ పక్కనుంచి పోతున్నప్పుడు ఒళ్లంతా తెలిసింది.

బేతంచెర్ల ముందు ఎక్కుడు దారిలో ఇంకో పలకల లారీ మొరాయించి అడ్డంగా ఆగింది. దాని వెనక మేం, మా వెనక బస్సు. లారీ కొంచెం కదులుతుంది, ఆగుతుంది. ఎర్ర బండికి ఎక్కుడులో పట్టి ఉంచే సదుపాయం లేదు. చేతి బ్రేకు వదలాలి, క్లచ్చు సగం వదలాలి, బండి వెనక్కి జారకూడదు. జారితే బస్సు మూతి మీదే. లోపల మోటరు బరువు ఒకటి. కాలిన వాసన వచ్చింది. మరిది డాష్‌బోర్డు పట్టుకుని కూర్చున్నాడు. లారీ పక్కకు తప్పుకునేదాకా బండిని బెత్తెడు కూడా వెనక్కి పోనివ్వలేదు. గుట్ట ఎక్కాక చూసుకుంటే వీపంతా తడిసిపోయింది. అయినా అంత హుషారు నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు.

బేతంచెర్లలో నీళ్లు తాగడానికి ఆగాం. తమ్ముడు బండి దిగి వచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"అక్కా, ఏందీ వాసన?"

"క్లచ్చు."

"చూసినావా బావా," అని మరిదిని చూసి నవ్వాడు. "మాది అదే గుట్ట మీద నిమ్మళంగా నిలబడుకున్యాది."

"నిలబడుకున్యాది బండి. నువ్వు సెల్లు చూసుకుంటాన్నావు. ఆమె నడిపింది," అన్నాడు మరిది.

నేను బండ్లు మార్చుకుందామన్నాను. మరిది తన ఎర్ర బండి తీసుకున్నాడు. తమ్ముడు మోటరుకు తోడుగా అతని పక్కన కూర్చోవాల్సి వచ్చింది. ఇద్దరినీ ఒకే బండిలో పంపడం నాకు కొంచెం భయమే. బూడిద బండిలో నేనూ ఆయనా మాత్రమే.

మొదటి మలుపులోనే అవమానం జరిగింది. వేగం తగ్గించబోయి అలవాటుకొద్దీ ఎడమ కాలితో క్లచ్చు తొక్కాను. అక్కడ క్లచ్చు లేదు. వెడల్పాటి బ్రేకు ఉంది. బండి ఉన్నచోటే కుంగి నిలబడింది. సీటు బెల్టు లేకపోతే ఆయన ముక్కు అద్దానికి తగిలేది.

"ఎడమ కాలు లోపలికి ముడుసుకో," అన్నాడు, బెల్టు సర్దుకుంటూ.

ముడుచుకున్నాను. మొదట్లో నా ఎడమ చెయ్యికి దిక్కు తోచలేదు. గేరు కోసం వెతుకుతూ ఆయన మోకాలి మీద రెండుసార్లు పడింది. తర్వాత మెల్లగా అలవాటయింది. అలవాటయ్యాక ఆశ్చర్యం మొదలయింది. గేర్లు మారుతున్నాయి, కానీ మారినట్టు తెలియదు. డోన్ వైపు దారిలో ఒక బస్సును దాటడానికి కాలు పూర్తిగా నొక్కాను. బండి రెప్పపాటు ఆలోచించుకుంది. ఆ రెప్పపాటు నాకు నచ్చలేదు. కానీ తర్వాత మూడు గేర్లు ఒక్కసారిగా కిందికి దిగి, ఇంజను గొంతు మార్చుకుని, బస్సును మా వెనక్కి విసిరేసినట్టు పోయింది. స్టీరింగు వెనక రెండు వైపులా రెక్కల్లాంటి మీటలున్నాయి. వాటిని వేలితో లాగితే గేరు మనమే మార్చుకోవచ్చు. తర్వాతి లారీ దగ్గర ముందే లాగి పెట్టుకున్నాను. ఈసారి ఆలోచన లేదు. నేను గట్టిగా నవ్వేశాను. ఆయనా నవ్వాడు.

డోన్ దాటాక ఆయన నా కాళ్ల వైపే చూస్తున్నాడు.

"నీ ఎడమ కాలు యాడుండాది?" అన్నాడు.

"ఊరికే ఉండాది. మీరే కదా ముడుసుకోమన్యారు."

"అస్సలు పనే లేదా దానికి?"

"లేదు."

ఆయన తన ఎడమ మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. కిటికీలోంచి టమోటా తోటలు చూస్తూ కూర్చున్నాడు.

మేం ఫారం చేరేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఎర్ర బండి మాకంటే కాస్త ముందే చేరింది. తమ్ముడూ మరిదీ వాదన లేకుండా మోటరు దింపుతున్నారు. ఎట్లా వచ్చారని అడిగితే, గేర్లు ఎప్పుడు మార్చాలో తాను చెబుతూ వచ్చానన్నాడు తమ్ముడు. మరిది దండం పెట్టాడు.

షెడ్ల దగ్గర పరిస్థితి బాగాలేదు. కోళ్లు రెక్కలు దూరంగా పెట్టుకుని, మెడలు చాచి, ఆయాసపడుతున్నాయి. మామూలుగా ఫారం అంటే చెవులు గింగురుమనే గోల. ఆ గోల లేదు. గోడ పక్కన చచ్చినవాటిని ఒక చోట చేర్చి పట్టా కప్పారు. ఫోను చేసినామె బిందెతో తానే షెడ్డు కప్పు మీదికి నీళ్లు చల్లుతోంది. ఆమె భర్త, బోరు పనివాళ్లు ముక్కాలి స్తంభం నిలబెట్టి, పాత మోటరు పైకి లాగి సిద్ధంగా ఉన్నారు.

ఆయన అప్పుడు వేరే మనిషయిపోయాడు. కేబులు అతుకు తానే వేశాడు, టేపు తానే చుట్టాడు. గొలుసు మెల్లగా దించమని ఒక్కో పైపు దగ్గరా చెబుతూ నిలబడ్డాడు. తమ్ముడి ఖరీదైన చొక్కాకు గ్రీజు అంటింది. మరిది పైపు భుజాన పెట్టుకుని మోస్తున్నాడు. నేను బిందె తీసుకుని ఆమెతో కలిసి నీళ్లు చల్లాను. చల్లిన నీళ్లు రేకు మీద పడగానే ఆవిరైపోతున్నాయి.

స్టార్టరు నొక్కారు. మోటరు మూలిగింది. పైపు నోటిలోంచి ముందు గాలి, తర్వాత ఎర్ర బురద నీళ్లు దగ్గుతున్నట్టు వచ్చాయి. అందరం ఆ పైపు నోటి దగ్గరే నిలబడ్డాం. తర్వాత ఒక్కసారిగా తేటనీళ్లు పైపు నిండా దూకాయి. కొంతసేపటికి షెడ్లలో ఫాగర్లు బుస్సుమని మొదలయ్యాయి, సన్నటి మంచు కోళ్ల మీదికి దిగింది. ముందు ఒక మూల, తర్వాత ఇంకో మూల, కోళ్ల గోల లేచింది. అంత చెవులు పగిలే గోల అంత ఇంపుగా ఉంటుందని నేను అనుకోలేదు. ఆమె గోడకు చేరగిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"కూడు తినకుండా మాత్రం పోనియ్యను," అంది.

కూడు ఉడికేలోపు మేం చింతచెట్టు నీడన కూర్చున్నాం. ఫారం వెనక వాళ్లదే చేను, వేరుశనగ పీకేసి ఖాళీగా, గట్టిగా ఉంది. ఆయన చేతులు కడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఆ బూడిద బండి ఒకసారి చేన్లోకి తీస్తావా? నేను కూసుంటా."

తమ్ముడు జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

చేను మధ్యలో బండి ఆపి మేం చోట్లు మార్చుకున్నాం. ఆయన ఎడమ కాలును రెండు చేతులతో ఎత్తి ఒక పక్కగా పెట్టుకున్నాడు. నేను చెప్పాల్సింది పెద్దగా లేదు. ఇది బ్రేకు, ఇది యాక్సిలరేటరు, రెంటికీ కుడి కాలే. బ్రేకు వదలగానే బండి తనంతట తానే మెల్లగా కదిలింది. ఆయన ఉలిక్కిపడి మళ్లీ తొక్కాడు. మళ్లీ వదిలాడు. బండి చేను గట్టు వెంబడి నడిచింది. ఇన్నేళ్లు నా పక్క సీటులో కూర్చుని పైపుల లెక్కలు చెప్పిన మనిషి స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, కళ్లార్పకుండా, పెదవి కొరుక్కుంటూ నడుపుతున్నాడు. ఒక చుట్టు అయింది. రెండో చుట్టులో కాలు కాస్త గట్టిగా పడింది. బండి ఎగిరినట్టు దూకి వెనక ఎర్రటి దుమ్ము లేపింది. నేను తలుపు పట్టుకున్నాను. ఆపుతాడనుకున్నాను.

"ఇది శానా పరిగెత్తుతాదే," అన్నాడు. గొంతులో భయం లేదు.

"ఆపల్లంటే ఆపండి."

"యాలకాపేది?"

తమ్ముడూ మరిదీ గట్టు మీద నిలబడి దుమ్ములో చేతులూపుతున్నారు. కోళ్లామె కూడా గరిటె పట్టుకుని బయటికి వచ్చి చూస్తోంది. ఎన్ని చుట్లు తిరిగాడో నేను లెక్కపెట్టలేదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, దుమ్ము పడిందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను. దిగాక ఆయన అన్నం రెండు మార్లు పెట్టించుకున్నాడు. తినేటప్పుడు తమ్ముణ్ని ఆ గేర్‌బాక్సు గురించి అడగని ప్రశ్న లేదు. మరిది మాత్రం అన్నం కలుపుతూ, "అయిపాయ, మా అన్న కూడా అటే పోయినాడు," అన్నాడు. కానీ లేచి వచ్చి అన్న వీపు తట్టింది అతనే.

ఆ వారంలోనే బూడిద బండి మా ఇంటికి వచ్చింది. లైసెన్సుకు డాక్టరు సర్టిఫికెట్టు కావాలన్నారు, తెచ్చాం. ఆటోమేటిక్ బండికి ఆయన కాలు అడ్డం కాదని ఒప్పుకున్నారు. పరీక్ష రోజు నేను గేటు బయట వేపచెట్టు కింద ఒకచోట నిలబడలేక తిరిగాను. ఆయన వంకర గీతల మధ్య వెనక్కి కూడా నడిపి, దిగి, చొక్కా సర్దుకుంటూ వచ్చాడు. "అయ్యింది పా," అన్నాడు, మోటరు బిగించి వచ్చినట్టు.

రెండు గేర్‌బాక్సుల్లో ఏది గొప్పదని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. చేతికి, కాలికి, మనసుకు ఒకేసారి పని చెప్పే ఆనందం మాన్యువల్‌దే, నేను మాట మార్చను. కానీ ఎక్కుడులో, బజారులో, బరువుతో, గాభరాలో ఆటోమేటిక్ ఎంత నిబ్బరంగా ఉంటుందో ఆ రోజు చూశాను. ఆటోమేటిక్ కొన్నందుకు అక్క ఓడిపోయిందంటాడు తమ్ముడు. నేను ఒప్పుకోలేదు.

ఇప్పుడు నా బాధ వేరే. నాకోసమని కొన్న బండి నాకు దొరకడం లేదు. రైతు ఫోను చేస్తే చాలు, ఆయన తాళం తీసుకుని లేస్తాడు. వెనక మోటరు వేసుకుని అవుకు పోతాడు, ఆళ్లగడ్డ పోతాడు, పని లేకపోయినా బోరు చూసొస్తానని పత్తికొండ పోతాడు. అంగడి నా మీద పడింది. పోయిన వారం మరిదికి ఫోను చేశాను.

"ఎర్రది ఇంగా అమ్మలేదు కదా?"

"లేదు వదినా. ఎవురన్నా అడిగితే ఏదో ఒక వంక చెప్పి పంపిస్తాండా."

"ఎవరికీ ఇయ్యద్దు. ఆదివారం మీ అన్న నన్ను బద్వేలుకు తీసుకొస్తాడు."

"తీసుకొచ్చి?"

"ఆయన ఒక్కడే యనక్కి పోతాడు. ఆ ఎర్రదాన్ని నేను నడుపుకుంటా పోతా."